కంటైనర్లలో డేటాబేస్ జాబ్‌లు: సందేహాలు - సమాధానాలు

ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే. డేటాబేస్‌ని పాత సర్వర్ నుంచి డాకర్‌లోకో కుబర్నెటిస్‌లోకో మార్చారు. అప్లికేషన్ బాగానే నడుస్తోంది. కానీ ఇన్నాళ్లూ రాత్రిపూట వాటంతట అవే జరిగిపోయిన పనులు, అంటే బ్యాకప్, పాత రికార్డుల తొలగింపు, నెలవారీ రిపోర్టు లాంటివి ఆగిపోయాయి. కొందరికైతే అవి నడుస్తున్నాయో లేదో కూడా తెలియడం లేదు. అందరికీ పనికొచ్చే ప్రశ్నలు కొన్ని ఏరి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నమస్తే సార్. మా పరపతి సంఘం లెక్కలన్నీ పోస్ట్‌గ్రెస్‌లో ఉన్నాయి. దాన్ని డాకర్ కంటైనర్‌లో నడుపుతున్నాం. కంటైనర్ లోపలికి వెళ్లి క్రాన్ ఇన్‌స్టాల్ చేసి, రాత్రి రెండు గంటలకు బ్యాకప్ పెట్టాను. అది నడవలేదు. క్రాన్‌ని చేత్తో స్టార్ట్ చేస్తే కొన్నాళ్లు నడిచింది, సర్వర్ రీబూట్ అయ్యాక మళ్లీ ఆగిపోయింది. మొన్న ఇమేజ్ అప్‌డేట్ చేశాక అసలు క్రానే కనిపించడం లేదు. డేటా మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకిలా అవుతోంది?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీకు ఎదురైనవి మూడు వేర్వేరు సమస్యలు. ఒక్కొక్కటిగా చూద్దాం.

క్రాన్ 1970ల నాటి యునిక్స్ ప్రోగ్రామ్. ఇవాళ లినక్స్‌లో ఎక్కువగా కనిపించేది 1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్, లేదా దాని నుంచి పుట్టిన రూపాలు. యంత్రం రాత్రీపగలూ వెలుగుతూనే ఉంటుందని, బూట్ అవగానే క్రాన్‌ని కూడా ఎవరో ఒకరు లేపుతారని, జాబ్ ఏదైనా ప్రింట్ చేస్తే దాన్ని యూజర్‌కి మెయిల్ చేయవచ్చని అది నమ్ముతుంది. కంటైనర్‌లో ఈ మూడూ నిజం కావు. అక్కడ మొదలయ్యేది ఒకే ఒక్క ప్రధాన ప్రాసెస్. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్‌లో ఆ ప్రాసెస్ పోస్ట్‌గ్రెస్సే. క్రాన్ ఆ ఇమేజ్‌లో లేదు. మీరు ఇన్‌స్టాల్ చేసినా, దాన్ని స్టార్ట్ చేసే వాళ్లు లోపల ఎవరూ లేరు. అందుకే మొదట నడవలేదు, చేత్తో లేపితే నడిచింది, రీబూట్ అయ్యాక మళ్లీ నిద్రపోయింది. మధ్యలో క్రాన్ చచ్చిపోయినా డాకర్‌కి పట్టదు. దానికి కావాల్సింది ప్రధాన ప్రాసెస్ బతికి ఉందా లేదా అన్నదొక్కటే.

ఇక ఇమేజ్ అప్‌డేట్ సంగతి. కంటైనర్ లోపల చేత్తో ఇన్‌స్టాల్ చేసినదంతా ఆ కంటైనర్ సొంత పొరలో ఉంటుంది. అప్‌డేట్ అంటే పాత కంటైనర్‌ని తీసేసి, కొత్త ఇమేజ్‌తో కొత్తది తయారుచేయడమే. పాత పొర దాంతోపాటే పోతుంది. డేటాకి మీరు విడిగా వాల్యూమ్ ఇచ్చారు కాబట్టి అది మిగిలింది. వాల్యూమ్ ఇచ్చి ఉండటం వల్లే ఇవాళ మీ సంఘం లెక్కలు ఉన్నాయి.

అయితే క్రాన్‌ని ఇమేజ్‌లోనే కలిపి బిల్డ్ చేస్తే సరిపోతుందా అని మీరు అడగవచ్చు. చేయవచ్చు గానీ నేను వద్దంటాను. క్రాన్ తన జాబ్‌లని దాదాపు ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌తో మొదలుపెడుతుంది. డాకర్‌కి మీరిచ్చిన పాస్‌వర్డ్, డేటాబేస్ పేరు లాంటి వేరియబుల్స్ జాబ్ దాకా చేరవు. చేత్తో నడిపితే స్క్రిప్ట్ బాగానే పనిచేస్తుంది, రాత్రి మాత్రం పాస్‌వర్డ్ లేదంటూ ఆగిపోతుంది. ఆ ఎర్రర్‌ని క్రాన్ మెయిల్ చేయాలని చూస్తుంది, లోపల మెయిల్ సర్వర్ ఉండదు. డాకర్ లాగ్స్‌లో వెతికినా ఏమీ దొరకదు. ఒక కంటైనర్‌లో రెండు బాధ్యతలు పెడితే రెండోది ఎప్పుడూ అనాథే.

మీకు నేను సూచించేది: డాకర్ నడుస్తున్న హోస్ట్ మీద క్రాన్ సాధారణంగా ఉంటుంది. షెడ్యూల్‌ని అక్కడ పెట్టి, సమయానికి 'డాకర్ ఎగ్జిక్' ద్వారా కంటైనర్ లోపల ఉండే బ్యాకప్ టూల్ పీజీ డంప్‌ని పిలిపించండి. ఒక్క సర్వర్ ఉన్నవారికి ఇంతకంటే తేలిక మార్గం లేదు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. టెర్మినల్‌లో అలవాటుగా కొట్టే '-ఐటీ' ఫ్లాగ్‌ని క్రాన్‌ట్యాబ్‌లో రాయకండి. రాత్రి రెండింటికి అక్కడ టెర్మినల్ ఉండదు కాబట్టి ఇన్‌పుట్ టీటీవై కాదన్న ఎర్రర్‌తో జాబ్ పడిపోతుంది. ఆ ఎర్రర్ పోగొట్టడానికి కొందరు ఒక్క '-టీ' మాత్రం ఉంచుతారు, అది ఇంకా ప్రమాదం. టెర్మినల్ గుండా వెళ్లేటప్పుడు లైన్ చివరి గుర్తులు మారిపోయి బైనరీ డంప్ ఫైల్ పాడవుతుంది. ఆ విషయం రీస్టోర్ చేసిన రోజు దాకా బయటపడదు. రెండో జాగ్రత్త శాతం గుర్తు. ఫైల్ పేరులో తేదీ రావాలని క్రాన్‌ట్యాబ్‌లోనే డేట్ కమాండ్ రాస్తాం, అందులో % ఉంటుంది. క్రాన్‌ట్యాబ్‌లో % అంటే కొత్త లైన్ అని అర్థం. దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. అంతకన్నా కమాండ్ మొత్తాన్ని ఒక స్క్రిప్ట్ ఫైల్‌లో రాసి, క్రాన్‌ట్యాబ్‌లో ఆ ఫైల్ పేరొక్కటే ఇవ్వడం మేలు.

హోస్ట్ మీద చేయి పెట్టే వీల్లేనివారు షెడ్యూల్ కోసం విడిగా ఒక చిన్న కంటైనర్ పెట్టుకోండి. కంటైనర్ల కోసమే తయారైన సూపర్‌క్రానిక్ అనే ప్రోగ్రామ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని జాబ్‌కి అందిస్తుంది, అవుట్‌పుట్‌ని నేరుగా కంటైనర్ లాగ్‌లోకి పంపుతుంది, రూట్ యూజర్ అక్కర్లేకుండా నడుస్తుంది. ఓఫీలియా అనే మరో టూల్ వేరే కంటైనర్లలోకి వెళ్లి కమాండ్లు నడపగలదు. కానీ అందుకోసం డాకర్ సాకెట్‌ని దాని చేతికివ్వాలి. సాకెట్ ఇవ్వడమంటే హోస్ట్ మీద రూట్ అధికారం ఇచ్చినట్టే. డబ్బు లెక్కలున్న సర్వర్‌లో నేనైతే ఇవ్వను.

ప్రశ్న: పాత లాగ్ రికార్డులు తీసేయడానికి పీజీ క్రాన్ వాడమని మా టీమ్ లీడ్ చెప్పారు. ఎక్స్‌టెన్షన్ క్రియేట్ చేయబోతే ఎర్రర్ వస్తోంది. అసలు జాబ్ డేటాబేస్ లోపల ఉండాలా, బయట ఉండాలా?
- ఒక డెవలపర్, బెంగళూరు

జవాబు: రెండో ప్రశ్న పెద్దది కాబట్టి ముందు దాని సంగతి. పని మొత్తం ఎస్‌క్యూఎల్‌తోనే మొదలై ఎస్‌క్యూఎల్‌తోనే ముగిస్తే డేటాబేస్ లోపల పెట్టండి. పాత వరసలు తీసేయడం, మెటీరియలైజ్డ్ వ్యూ రిఫ్రెష్ చేయడం, వచ్చే నెల పార్టిషన్ ముందే తయారుచేయడం ఈ కోవలోవి. ఫైల్ రాయాలన్నా, మెయిల్ పంపాలన్నా, వేరే సర్వర్‌తో మాట్లాడాలన్నా బయట పెట్టండి. బ్యాకప్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లోపల పెట్టకండి. ఏ డేటాబేస్ పోతుందన్న భయంతో బ్యాకప్ తీస్తున్నామో దాని చేతికే ఆ పని అప్పగించడం సరికాదు.

మీ లీడ్ చెప్పింది మీ పనికి సరైన సలహా. పీజీ క్రాన్‌ని సైటస్ డేటా అనే సంస్థ తయారుచేసింది. తర్వాత ఆ సంస్థ మైక్రోసాఫ్ట్‌లో కలిసింది. ఇది పోస్ట్‌గ్రెస్ సర్వర్ లోపలే బ్యాక్‌గ్రౌండ్ వర్కర్‌గా నడుస్తుంది కాబట్టి, సర్వర్ లేచినప్పుడల్లా తానూ లేస్తుంది. ఎవరూ విడిగా స్టార్ట్ చేయనక్కర్లేదు. కంటైనర్లకి అది బాగా అమరడానికి కారణం ఇదే.

ఎర్రర్‌కి మూడు కారణాలు ఉండవచ్చు. అధికారిక ఇమేజ్‌లో పీజీ క్రాన్ ఉండదు. డెబియన్ ఆధారిత ఇమేజ్ వాడుతుంటే, మీ డాకర్‌ఫైల్‌లో ఆ పోస్ట్‌గ్రెస్ వెర్షన్‌కి సరిపడే క్రాన్ ప్యాకేజీని ఒక్క లైన్‌తో ఇన్‌స్టాల్ చేయవచ్చు. ప్యాకేజీ ఉన్నా, 'షేర్డ్ ప్రీలోడ్ లైబ్రరీస్' సెట్టింగ్‌లో దాని పేరు లేకపోతే ఎక్స్‌టెన్షన్ క్రియేట్ కాదు. ఆ సెట్టింగ్ మార్చాక సర్వర్‌ని రీస్టార్ట్ చేయాల్సిందే, రీలోడ్ సరిపోదు. మూడోది, ఎక్స్‌టెన్షన్ ఒకే ఒక్క డేటాబేస్‌లో ఉంటుంది. డిఫాల్ట్‌గా అది 'పోస్ట్‌గ్రెస్' అనే పేరున్న డేటాబేస్. వేరే దానిలో కావాలంటే 'క్రాన్ డేటాబేస్ నేమ్' సెట్టింగ్‌లో చెప్పాలి. లేదా అక్కడే ఉంచి, 'షెడ్యూల్ ఇన్ డేటాబేస్' ఫంక్షన్‌తో మిగతా డేటాబేస్‌లలో జాబ్ నడపవచ్చు.

చాలామంది ఎక్స్‌టెన్షన్ క్రియేట్ చేసే లైన్‌ని ఇనిట్ స్క్రిప్ట్‌లో పెట్టి, ఎందుకు నడవలేదా అని తల పట్టుకుంటారు. అధికారిక ఇమేజ్‌లో ఇనిట్ స్క్రిప్ట్‌లు డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే నడుస్తాయి. మీ డేటాబేస్ ఇప్పటికే ఉంది కాబట్టి ఆ లైన్‌ని చేత్తో నడపండి, లేదా మైగ్రేషన్‌లో పెట్టండి.

జాబ్ పెట్టాక 'జాబ్ రన్ డీటెయిల్స్' అనే టేబుల్ చూడటం అలవాటు చేసుకోండి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఏ ఎర్రర్ వచ్చింది అన్నీ అందులో ఉంటాయి. ప్రతి జాబ్‌కీ కనెక్షన్ ఫెయిలైందని కనిపిస్తే అది పాస్‌వర్డ్ సమస్య. పీజీ క్రాన్ మామూలుగా లోకల్‌హోస్ట్‌కి కనెక్షన్ తెరిచి జాబ్ నడుపుతుంది. సెక్యూరిటీ కోసం లోకల్ కనెక్షన్లకి కూడా పాస్‌వర్డ్ తప్పనిసరి చేసిన చోట అది లోపలికి రాలేదు. 'యూజ్ బ్యాక్‌గ్రౌండ్ వర్కర్స్' సెట్టింగ్ ఆన్ చేస్తే కనెక్షన్ అక్కర్లేదు. ఇంకో మాట. ఆ టేబుల్ తనంతట తాను ఖాళీ అవదు. నిమిషానికోసారి నడిచే జాబ్ ఉంటే రోజుకి 1440 వరసలు చేరతాయి. వారం దాటినవి తీసేయడానికి ఇంకో చిన్న జాబ్ అక్కడే పెట్టేయండి.

ప్రశ్న: రోజూ రాత్రి వాక్యూమ్ ఫుల్ షెడ్యూల్ చేస్తే డేటాబేస్ వేగం పెరుగుతుందా?
- ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు. వాక్యూమ్ ఫుల్ టేబుల్ మొత్తాన్ని తిరగరాస్తుంది. అది ముగిసేదాకా ఆ టేబుల్‌ని ఎవరూ చదవను కూడా చదవలేరు. మామూలు శుభ్రత కోసం ఆటోవాక్యూమ్ ఉంది, 8.3 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటోంది. డిఫాల్ట్ లెక్క ప్రకారం టేబుల్‌లో దాదాపు 20 శాతం వరసలు మారాక గానీ అది కదలదు. పెద్ద టేబుల్‌కి అది ఆలస్యం అనిపిస్తే ఆ ఒక్క టేబుల్‌కి ఆ శాతం తగ్గించండి. రాత్రి జాబ్ అవసరం రాదు.

ప్రశ్న: కుబర్నెటిస్‌లో క్రాన్‌జాబ్ పెట్టాం. ప్రతి నెలా 1వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు గత నెల రిపోర్టు రావాలి. యూటీసీలోకి మార్చి 30 20 1 * * అని రాశాను. రిపోర్టు 2వ తేదీన వస్తోంది. 30వ తేదీ అని మారిస్తే ఫిబ్రవరిలో అసలు రాలేదు. ఇది మా మేనేజర్ గారికి ఎలా వివరించాలో తెలియడం లేదు.
- ఒక డెవాప్స్ ఇంజనీర్, హైదరాబాద్

జవాబు: గంటని మార్చారు గానీ తేదీని మార్చలేదు. మన సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. మనకి 1వ తేదీ తెల్లవారుజామున 2 గంటలైనప్పుడు యూటీసీలో ఇంకా గత నెల చివరి రోజు రాత్రి 8:30. మీరు రాసినదాని ప్రకారం యూటీసీలో 1వ తేదీ రాత్రి 8:30కి జాబ్ లేస్తుంది. అప్పటికి మనకి 2వ తేదీ వచ్చేసింది. మరి 'నెల చివరి రోజు' అని రాద్దామంటే, మామూలు క్రాన్‌లోని ఐదు గడుల్లో ఆ మాట చెప్పే వీలే లేదు. నెలకి 28, 29, 30, 31 ఏదైనా కావచ్చు. పీజీ క్రాన్‌లో మాత్రం రోజు గడిలో డాలర్ గుర్తు పెడితే చివరి రోజు అని అర్థం. కుబర్నెటిస్‌లో అది లేదు.

మీకు కావాల్సింది క్రాన్‌జాబ్‌లోని 'టైమ్‌జోన్' అనే ఫీల్డ్. కుబర్నెటిస్ 1.27 నుంచి అది స్థిరంగా ఉంది. అందులో 'ఏషియా/కోల్‌కతా' అని ఇచ్చి, షెడ్యూల్‌ని 0 2 1 * * అని మన సమయంలోనే రాయండి. ఆ ఫీల్డ్ లేకపోతే కంట్రోలర్ తాను ఏ సమయంలో ఉంటే దాన్నే లెక్కకి తీసుకుంటుంది, క్లస్టర్లలో అది సాధారణంగా యూటీసీ.

ఇక్కడితో ఆగితే సమస్య సగమే తీరుతుంది. జాబ్ సరైన వేళకి లేచినా, దాని లోపలి ఎస్‌క్యూఎల్‌లో 'కరెంట్ డేట్' వాడి ఉంటే చూడండి. డేటాబేస్ సెషన్ యూటీసీలో ఉంటే, ఆ క్షణాన కరెంట్ డేట్ గత నెల చివరి తేదీనే చెబుతుంది. దానికి 'గత నెల' అంటే ఇంకా వెనకటి నెల. జులై 1న రావాల్సిన జూన్ రిపోర్టుకి బదులు మే లెక్కలు వస్తాయి. అంకెలు నమ్మదగ్గట్టే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. రిపోర్టుకి మొదలు తేదీ, చివరి తేదీ రెండూ బయటి నుంచి ఇవ్వండి. జాబ్ ఒక రోజు ఫెయిలైతే అవే తేదీలతో మర్నాడు మళ్లీ నడుపుకోవచ్చు.

అమెరికా క్లయింట్ల డేటాబేస్‌లు చూసే హైదరాబాద్ టీమ్‌లు చాలా ఉన్నాయి కాబట్టి వారికి ఒక మాట. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం 2 నుంచి ఒక్కసారిగా 3కి దూకుతుంది. నవంబరు మొదటి ఆదివారం 1 నుంచి 2 వరకు ఉండే గంట రెండుసార్లు వస్తుంది. స్థానిక సమయంలో ఆ గంటల్లో పెట్టిన జాబ్ ఒక రోజు నడవకపోవచ్చు, ఇంకో రోజు రెండుసార్లు నడవవచ్చు. 1 నుంచి 3 మధ్య వేళల్ని వదిలేయండి.

'నెలలో మొదటి ఆదివారం' కోసం 0 2 1-7 * 0 అని రాసేవాళ్లు కూడా జాగ్రత్త. తేదీ గడి, వారం గడి రెండూ నింపితే క్రాన్ వాటిని 'లేదా'తో కలుపుతుంది. జాబ్ 1 నుంచి 7 దాకా ప్రతి రోజూ, ఆపైన ప్రతి ఆదివారమూ నడుస్తుంది. వారం గడిలో * మాత్రమే ఉంచి, ఇవాళ ఆదివారమేనా అన్న పరీక్ష స్క్రిప్ట్‌లో పెట్టండి.

ప్రశ్న: మైఎస్‌క్యూఎల్ నుంచి మరియాడీబీ కంటైనర్‌కి మారాం. డంప్ తీసి ఎక్కించాం. టేబుల్స్ అన్నీ వచ్చాయి, ఈవెంట్లు మాత్రం నడవడం లేదు.
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఈవెంట్లు వచ్చాయా లేదా చూడండి. మైఎస్‌క్యూఎల్ డంప్‌కి 'ఈవెంట్స్' అన్న ఆప్షన్ ఇవ్వకపోతే అది వాటిని వదిలేస్తుంది, హెచ్చరిక కూడా ఉండదు. వచ్చి ఉంటే, ఈవెంట్ షెడ్యూలర్ ఆన్‌లో ఉందా చూడండి. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్, మరియాడీబీలో డిఫాల్ట్‌గా ఆఫ్. కంటైనర్ స్టార్ట్ కమాండ్‌లోనో కాన్ఫిగ్ ఫైల్‌లోనో ఆన్ చేయండి. లోపలికి వెళ్లి సెట్ గ్లోబల్ కొడితే రీస్టార్ట్‌తో పోతుంది. మూడోది, ప్రతి ఈవెంట్‌కీ 'డిఫైనర్' అనే యూజర్ ఉంటారు. కొత్త సర్వర్‌లో ఆ యూజర్ లేకపోతే ఈవెంట్ లేచి ఎర్రర్ లాగ్‌లో ఒక లైన్ రాసి పడిపోతుంది.

ప్రశ్న: ఐదు నిమిషాలకోసారి స్టాక్ లెక్కలు కూడే క్రాన్‌జాబ్ ఉంది. పండగ సీజన్‌లో అది పన్నెండు నిమిషాలు తీసుకుంటోంది. అప్పుడు డెడ్‌లాక్‌లు వస్తున్నాయి, కొన్ని వస్తువుల లెక్క రెండింతలు పడుతోంది.
- ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, చెన్నై

జవాబు: మొదటిది ముగియకముందే రెండోది, మూడోది లేస్తున్నాయి. కుబర్నెటిస్ క్రాన్‌జాబ్‌లో 'కంకరెన్సీ పాలసీ' డిఫాల్ట్‌గా 'అలౌ'. దాన్ని 'ఫర్బిడ్' చేయండి. ముందుది నడుస్తుంటే కొత్తది మొదలవదు. లినక్స్ క్రాన్ వాడేవారికి ఈ కాపలా లేదు, వారు ఎఫ్‌లాక్ కమాండ్‌తో కట్టుకోవాలి. మైఎస్‌క్యూఎల్ ఈవెంట్లు కూడా ఒకదానిమీద ఒకటి నడవగలవు, అక్కడ గెట్ లాక్ ఫంక్షన్ ఉంది. పీజీ క్రాన్ ఒక జాబ్‌ని ఒకేసారి ఒక్కటే నడుపుతుంది, రెండోది వరసలో ఆగుతుంది.

ఫర్బిడ్ పెట్టాక కూడా డేటాబేస్‌లో ఒక తాళం వేసుకోమని నా సలహా. ఎందుకంటే అరుదుగానైనా ఒకే షెడ్యూల్‌కి రెండు జాబ్‌లు లేవవచ్చని, ఒక్కటీ లేవకపోవచ్చని కుబర్నెటిస్ డాక్యుమెంటేషనే చెబుతోంది. ఎవరైనా చేత్తో ఒక జాబ్ నడిపినా ఫర్బిడ్ దాన్ని ఆపదు. పోస్ట్‌గ్రెస్‌లో అడ్వైజరీ లాక్ ఇందుకు చాలు. దొరికితే పని చేయి, దొరక్కపోతే మాట్లాడకుండా వెళ్లిపో అని రాయండి. మధ్యలో పీజీ బౌన్సర్ అనే కనెక్షన్ పూలర్ ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంటే సెషన్ లాక్‌ని నమ్మకండి. ఒక కనెక్షన్ మీద వేసిన తాళం ఇంకొకరి చేతిలో మిగిలిపోతుంది. అక్కడ ట్రాన్సాక్షన్‌తోపాటే విడుదలయ్యే లాక్ వాడండి.

డెడ్‌లాక్‌ల కంటే నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది లెక్క రెండింతలు పడటం. అంటే మీ జాబ్ 'ఉన్నదానికి ఇంత కలుపు' అన్న పద్ధతిలో ఉంది. కుబర్నెటిస్ జాబ్ ఫెయిలైతే మళ్లీ ప్రయత్నిస్తుంది. 'బ్యాక్‌ఆఫ్ లిమిట్' డిఫాల్ట్‌గా 6. సగం కూడి పడిపోయిన జాబ్ మళ్లీ మళ్లీ కూడుతుంది. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే ఉండేలా దాన్ని తిరగరాయాలి. ఏ గంట వరకు లెక్కించామో ఒక టేబుల్‌లో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు మార్చడం, లెక్క రాయడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగనివ్వండి. మధ్యలో పడిపోతే రెండూ వెనక్కి పోతాయి.

జాబ్ మరీ ఎక్కువసేపు నడిస్తే చంపడానికి 'యాక్టివ్ డెడ్‌లైన్ సెకండ్స్' పెడతాం. అది చంపేది పాడ్‌ని మాత్రమే. పోస్ట్‌గ్రెస్ సర్వర్‌లో నడుస్తున్న క్వెరీకి క్లయింట్ పోయిన సంగతి వెంటనే తెలియదు. అది తన పని తాను చేసుకుంటూ లాక్‌లు పట్టుకునే ఉంటుంది. ఇటు కొత్త పాడ్ వచ్చి ఆ లాక్‌ల ముందు నిలబడుతుంది. అందుకే జాబ్ యూజర్‌కి 'స్టేట్‌మెంట్ టైమ్‌అవుట్' కూడా పెట్టండి, పాడ్ గడువు కంటే కాస్త తక్కువగా.

ప్రశ్న: ఎస్‌క్యూఎల్ సర్వర్ లినక్స్ కంటైనర్‌లో ఏజెంట్ పనిచేస్తుందా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చేస్తుంది. 'ఎంఎస్‌ఎస్‌క్యూఎల్ ఏజెంట్ ఎనేబుల్డ్' అనే వేరియబుల్‌ని ట్రూ చేసి కంటైనర్ మొదలుపెట్టాలి. జాబ్‌లు ఎంఎస్‌డీబీ అనే సిస్టమ్ డేటాబేస్‌లో ఉంటాయి కాబట్టి మీ సొంత డేటాబేస్ ఫైళ్లకే కాక, సర్వర్ డేటా డైరెక్టరీ మొత్తానికీ వాల్యూమ్ ఇవ్వండి. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో ఏజెంట్ ఉండదు, అక్కడ బయటి షెడ్యూలరే గతి.

ప్రశ్న: మాది చిన్న ఆసుపత్రి. ఏడాదిగా రోజూ రాత్రి పీజీ డంప్ నడిచి, జీజిప్ అయిన ఫైల్ ఫోల్డర్‌లో పడుతోంది. క్రాన్‌లో ఎప్పుడూ ఎర్రర్ రాలేదు. ఇంకేమైనా చూసుకోవాలా?
- ఒక కంప్యూటర్ ఆపరేటర్, కర్నూలు

జవాబు: ఈ ఉత్తరం చదవగానే మీకు వెంటనే జవాబు రాయాలనిపించింది. దయచేసి ఇప్పుడే ఆ ఫోల్డర్ తెరిచి ఫైళ్ల సైజులు చూడండి. ఏదైనా ఫైల్ సరిగ్గా 20 బైట్లు ఉంటే అది ఖాళీ బ్యాకప్. ఏమీ లేనిదాన్ని జీజిప్ చేస్తే వచ్చే సైజు అది.

ఎలా జరుగుతుందంటే, పీజీ డంప్ అవుట్‌పుట్‌ని పైప్ ద్వారా జీజిప్‌కి పంపినప్పుడు, షెల్ మామూలుగా చివరి కమాండ్ ఫలితాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. పాస్‌వర్డ్ తప్పై పీజీ డంప్ మొదటి క్షణంలోనే పడిపోయినా, జీజిప్ తన ఖాళీ పనిని చక్కగా ముగిస్తుంది. స్క్రిప్ట్ సక్సెస్ అంటుంది. రోజూ కొత్త తేదీతో ఫైల్ వస్తూనే ఉంటుంది. పాత ఫైళ్లు తీసేసే లైన్ కూడా ఉంటే, కొన్నాళ్లకి చివరి మంచి బ్యాకప్ కూడా చెరిగిపోతుంది. బ్యాష్‌లో 'పైప్‌ఫెయిల్' ఆన్ చేస్తే ఈ మోసం ఆగుతుంది. పైప్ లేకుండా చేసుకోవడం ఇంకా మేలు. పీజీ డంప్‌కి కస్టమ్ ఫార్మాట్ అడగండి, అది తానే కంప్రెస్ చేసి ఫైల్ రాస్తుంది. ముందు తాత్కాలిక పేరుతో రాసి, అంతా సవ్యంగా ముగిశాకే అసలు పేరు పెట్టండి.

ఇలాంటిది చిన్నచోట్లే జరుగుతుందనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఇంజనీర్ ఒకరు రాత్రి పొద్దుపోయాక రెప్లికేషన్ సమస్య సరిచేస్తూ, పొరపాటున ప్రధాన డేటాబేస్ డైరెక్టరీని తుడిచేశారు. ఆపేసరికి దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్‌ల కోసం చూస్తే అవి లేవు. సర్వర్ పోస్ట్‌గ్రెస్ 9.6, బ్యాకప్ స్క్రిప్ట్ నడిపిన పీజీ డంప్ 9.2. తనకంటే కొత్త సర్వర్‌ని డంప్ చేయడానికి పీజీ డంప్ ఒప్పుకోదు, ఎర్రర్‌తో ఆగిపోతుంది. రోజూ అదే జరిగింది. ఫెయిలైనట్టు క్రాన్ పంపిన మెయిళ్లు డీమార్క్ అనే మెయిల్ ధ్రువీకరణ నిబంధన కారణంగా తిరస్కరణకి గురై ఎవరికీ చేరలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి అప్పటివరకు ఉన్న డేటా దక్కింది. ఈ వివరాలన్నీ గిట్‌ల్యాబ్ తానే బహిరంగంగా రాసింది. మనందరికీ అది చేసిన మేలు చిన్నది కాదు.

దాన్నుంచి మీ ఆసుపత్రికి పనికొచ్చేవి చెబుతాను. బ్యాకప్ జాబ్‌ని డేటాబేస్ ఏ ఇమేజ్, ఏ వెర్షన్‌తో నడుస్తోందో అదే ఇమేజ్‌తో నడపండి. కంటైనర్లలో ఇది చాలా తేలిక, రెండుచోట్లా ఒకే ట్యాగ్ రాస్తే చాలు. పీజీ డంప్ ఒక్క డేటాబేస్‌నే తీస్తుంది, యూజర్ల ఖాతాలు అందులో రావు. వాటికి పీజీ డంప్ ఆల్‌ని 'గ్లోబల్స్ ఓన్లీ' ఆప్షన్‌తో విడిగా నడపాలి. ఫైళ్లు వేరే యంత్రానికి కూడా వెళ్లాలి. అదే డిస్క్ మీద ఇంకో వాల్యూమ్‌లో పెట్టడం బ్యాకప్ కాదు. డాకర్ కంపోజ్ డౌన్‌కి '-వీ' జోడించి కొడితే ఆ కంపోజ్ ఫైల్‌లోని వాల్యూమ్‌లు డేటాతో సహా పోతాయి. నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ డేటా ఫోల్డర్‌ని మామూలుగా కాపీ కొట్టడం కూడా బ్యాకప్ కాదు. కాపీ జరుగుతుండగానే ఫైళ్లు మారిపోతుంటాయి, రీస్టోర్ చేస్తే సర్వర్ లేవకపోవచ్చు.

ఎర్రర్ వస్తే మెయిల్ పంపే పద్ధతి మీద ఆధారపడకండి. జాబ్ అసలు లేవకపోతే ఎర్రర్ ఎవరు పంపుతారు? పద్ధతి తిరగేయండి. జాబ్ విజయవంతంగా ముగిసిన ప్రతిసారీ బయటి మానిటరింగ్ సర్వీస్‌కి ఒక కబురు పంపాలి. ఉదయం ఆరు గంటలకల్లా కబురు అందకపోతే ఆ సర్వీసే మీ ఫోన్‌కి హెచ్చరిక పంపాలి. అప్పుడు సర్వర్ కాలిపోయినా, క్రాన్ చచ్చిపోయినా, నెట్ పోయినా మీకు తెలుస్తుంది. ఆ కబురు పంపే ముందు ఫైల్ సైజు నిన్నటిదాంతో పోల్చమనండి, పీజీ రీస్టోర్‌ని 'లిస్ట్' ఆప్షన్‌తో నడిపి ఫైల్ తెరుచుకుంటోందా చూడమనండి.

లిస్ట్ వచ్చినంత మాత్రాన డేటా వచ్చినట్టు కాదు. దానికి రీస్టోర్ చేసి చూడటమే దారి. పాత రోజుల్లో దీనికి ఇంకో సర్వర్ కావాల్సి వచ్చేది. ఇప్పుడు మీ దగ్గర కంటైనర్లు ఉన్నాయి. ఖాళీ పోస్ట్‌గ్రెస్ కంటైనర్ ఒకటి లేపి, నిన్న రాత్రి ఫైల్ అందులోకి ఎక్కించి, నిన్నటి ఓపీ రిజిస్ట్రేషన్లు ఎన్నో లెక్క చూసి, అసలు డేటాబేస్‌తో పోల్చి, కంటైనర్ తీసేయండి. ఇది కూడా వారానికోసారి క్రాన్‌లో పెట్టదగ్గ పనే. కానీ మొదటిసారి మాత్రం మీ చేత్తో చేయండి. ఎన్ని నిమిషాలు పట్టిందో కాగితం మీద రాసి, సర్వర్ పక్కన అంటించండి. రేపు సర్వర్ పడిపోయినప్పుడు సూపరింటెండెంట్ గారు ముందుగా అడిగేది అదే.

పాఠకులకు మనవి: జాబ్ నడవలేదని రాసేటప్పుడు డేటాబేస్ వెర్షన్, ఇమేజ్ పేరు, షెడ్యూల్ లైన్ ఉన్నదున్నట్టుగా, చివరగా కనిపించిన లాగ్ లైన్లు జతచేయండి. పాస్‌వర్డ్‌లు మాత్రం తీసేసి పంపండి.